సన్నపోగు పాఠం

అనంతపురం,
12 నవంబర్ 2025

అత్తకు నమస్కారం.

సోమవారం ఉదయం 11 గంటల 20 నిమిషాలకు డాక్టర్ కదిరప్ప సార్ ఆపరేషన్ మధ్యలో నా చేతిలోంచి సూది పట్టుకునే నీడిల్ హోల్డర్ తీసుకున్నారు. మళ్ళీ ఎప్పుడు ఇస్తారో చెప్పలేదు.

నాయనకు ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేదు. నీకు ఫోన్ లేదు, చెవులూ వినబడవు. అందుకే నీకు నిజం రాయడం సులువు. ఈ కవరు ఎప్పటిలాగే మన ఊరి నుంచి రైల్లో డ్యూటీకి వచ్చిపోయే ఖలీల్ అన్న తెస్తాడు. ఆయన్ని ఏమీ అడగొద్దు. గుండె ఆపినప్పుడు రక్తం తిప్పే యంత్రం నడిపేది ఆయనే కాబట్టి ఆ రోజు అక్కడే ఉన్నాడు. నువ్వు పలక ఇస్తే అన్నీ రాసేస్తాడు.

పేషెంటు పేరు ఓబులేసు. 58 ఏళ్ళు. కంబదూరు దగ్గర చెనక్కాయ రైతు. గుండె కండకు రక్తం ఇచ్చే నాళాలు మూడు పూడుకుపోయాయి. కాలి నుంచి రక్తనాళం తీసి, పూడిక దాటేలా గుండె మీద అతకాలి. రెండు అతుకులు సార్ వేశారు. మూడోది నాకిచ్చారు. రెండేళ్ళ శిక్షణలో ఇప్పటిదాకా నేను కుట్టినవన్నీ పెద్ద ధమని మీద. దాని గోడ మందం. సన్న నాళం మీద కుట్టు నాకు ఇదే మొదటిది.

ముడి సరిగ్గానే పడింది. నాళం గోడ తెగింది. సార్ విప్పి మళ్ళీ కుట్టారు. దానివల్ల ఓబులేసు యంత్రం మీద పద్నాలుగు నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. నిన్న నోట్లో గొట్టం తీశారు. మొదటి మాటగా సంగటి, ఊరిబిండి ఎప్పుడు పెడతారని అడిగాడు. ప్రమాదం లేదు.

జనవరి 30న శిక్షణ కమిటీ కూర్చుంటుంది. అప్పటికి సార్ నా మీద నమ్మకం చెప్పకపోతే మూడో ఏడాది నాకు ఆపరేషన్లు ఉండవు. ఐసీయూ డ్యూటీకి మారుస్తారు. డాక్టరుగానే ఉంటాను, కుట్టడం ఉండదు.

నాయనకు చెప్పొద్దు.

సువర్ణ

~

ధర్మవరం,
16 నవంబర్

సువర్ణకు అత్త రాసేది.

మీ నాయనకు చెప్పలేదు. ఖలీల్‌ను మాత్రం అడిగినా. అడగొద్దని నువ్వు రాసింది నేను చదివేలోపలే పలక వాని చేతిలో ఉండాది.

వాడు రాసింది ఇది: "సువర్ణ ముడి ఏసింది. సార్ ఏదో అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా రత్నమ్మక్కా, తప్పే." సార్ ఏమన్నాడో రాయమంటే రాయలా. రైలుకు టైమైందని పోయినాడు. ఆ రైలు ఇంగా అర్ధగంట ఉండాది.

నాకు కొన్ని సంగతులు కావాల. దారం ఎంత సన్నం? కుడి చేత్తో ముడి ఏసినావా, రెండు చేతుల్తోనా? ముడి ఏసినాక ఏం చేసినావు? నాళం ముడి ఏసేటప్పుడు తెగిందా, ఏసినాకనా? సార్ ఏమన్నాడు?

నేను డాక్టర్ని కాదు. పోగులు అతికేదాన్ని. నలభై ఏండ్లుగా ఊర్లో మగ్గాలకు అతుకుతాండా. యాడ తెగినా ముందు అడిగేది ఇవే.

అన్నం తింటాండావా?

సుబ్బరత్నమ్మ

~

అనంతపురం,
20 నవంబర్

అత్తా,

నువ్వు అడిగినవాటికి వరసగా.

దారం తల వెంట్రుక కంటే సన్నం. రెండు చేతులతో ముడి వేశాను. ఏడు ముళ్ళు. తెగింది ముడి వేసేటప్పుడు కాదు, అయిపోయాక. ముడి అయ్యాక నేను ఏమీ చేయలేదు. కత్తెర అడిగాను, అంతే.

సార్ అన్నది: "ఏం తల్లీ, బాయిలో నీళ్ళు చేదుతాండావా?"

అందుకే నవ్వారు. నేను లాగానని ఆయన ఉద్దేశం. నేను లాగిన గుర్తు లేదు. లేదని చెప్పాను కూడా. సార్ చెయ్యి చాపారు. ఇచ్చేశాను.

నాకంటే ఒక ఏడాది జూనియర్ శశికుమార్‌కు నిన్న సన్న నాళం మీద అతుకు ఇచ్చారు. బాగా వేశాడు. నేను ఎదురుగా నిలబడి దారం పట్టుకున్నాను. వాడు బయటికొచ్చి, "అక్కా, నువ్వు దారం బాగా పట్టినావు" అన్నాడు. మంచివాడే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇక ఈ విషయం అడగొద్దు. చేతుల్లో ఏ లోపమూ లేదు. బహుశా ఈ పనికి నా చేతులు కావేమో.

తింటున్నాను.

సువర్ణ

~

ధర్మవరం,
24 నవంబర్

సువర్ణకు,

నువ్వు లాగినావు. నీకు తెలీదు, నాకు తెలుసు.

పోయిన ఉగాదికి వచ్చినప్పుడు నా రవిక గుండీ ఊడితే కుట్టినావే, జ్ఞాపకం ఉండాదా? ముడి ఏసి, గుండీని పట్టుకోని మూడుసార్లు లాగినావు. మాట్లాడతానే లాగినావు. ఆ గుండీ ఇంగా ఊడలేదు. గుండీకి అది మంచిదే.

ఆ లాగుడు నేను నేర్పింది. నీకు తొమ్మిదేండ్లప్పుడు మగ్గం కాడ కూసోబెట్టుకున్నా. పాత పడుగు కొనకు కొత్త పడుగు పోగు మెలిపెట్టి అతికేది, ఒకసారి లాగేది. అతికేది, లాగేది. మగ్గానికి నాలుగు వేల పోగులు. ఒక్కటి జారినా చీర నడుమ గీత పడుతాది. నువ్వు లాగకపోతే నేను స్కేలుతో వేళ్ళ మీద కొట్టినా. ఏడాది కొట్టినా. ఆ పైన కొట్టే పని లేకపోయింది. నీ చెయ్యి దానంతట అదే లాగేది.

నేను నీకు ఇచ్చిందంతా మందం పోగు. పిల్లోళ్ళ చేతికి సన్నపోగు ఇయ్యం, తెంపేస్తారని. పన్నెండో ఏట ఇద్దామనుకుంటి. పదకొండేండ్లకే గురుకులంలో సీటొచ్చి పోయినావు. నీకు సగం పనే నేర్పినా సువర్ణా. మిగిలిన సగం నా కాడనే ఉండిపోయింది.

సన్నపోగుకు లాగుడు లేదు. లాగితే అతుకు నిలుస్తాది, దాని పక్కన పోగు తెగుతాది. నీకు జరిగింది అదే కదా?

మరి కుదిరిందో లేదో ఎట్ల తెలుస్తాది? తల వంచి పక్కనుంచి చూడాల. కుదిరిన పోగు పక్క పోగులతో సమంగా పండుకోని ఉంటాది. కుదరంది వేలాడతాది. చూసేది, వదిలేది. చెయ్యి దాని మీదికి మళ్ళీ పోగూడదు.

ఖలీల్ చేతికి పట్టుదారం చుట్టిన కండె ఒకటి ఇచ్చినా. మూడేండ్లు కిటికీలో ఎండకు పడుండే పట్టు. పుచ్చిపోయింది. లాగితే నీ చేతిలోనే తెగుతాది. రోజుకు యాభై అతుకు. ఎన్ని తెగినాయో రాసి పెట్టు. స్కేలుతో కొట్టడానికి నేను ఆడ లేను. ఆ కండె కొడుతాది.

నీ చేతులు ఈ పనికి కావని ఇంగోసారి రాయొద్దు. ఆ మాట నామీదికి వస్తాది.

అత్త

~

అనంతపురం,
15 డిసెంబర్

అత్తా,

ఇరవై రోజులు రాయలేదు. ముందు లెక్క చెప్తాను.

మొదటి రోజు యాభైలో 41 తెగాయి. నలభై ఒక్కసారి నా చెయ్యి నాకు చెప్పకుండా లాగింది. అప్పుడు నమ్మాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. గుండీ గుర్తొచ్చింది.

ఐదో రోజు 33. పదో రోజు 19. పన్నెండో రోజు మళ్ళీ 30, ఆ రోజు ఆలోచన ఎక్కడో ఉంది. నిన్న 4.

పట్టుతో పాటు గొర్రె గుండెల మీద కూడా కుడుతున్నాను. ఖలీల్ అన్న బావమరిదికి ఇక్కడ పాతూరులో కటిక అంగడి ఉంది. పొద్దున్నే రెండు గుండెలు కవర్లో పెట్టి ఇస్తాడు. "మా అంగడి గుండెలు డాక్టర్లు కుడుతున్నారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడట. అతుకు వేసి, సిరంజితో నీళ్ళు ఎక్కించి, కారుతుందేమో చూస్తాను. హాస్టల్ ఫ్రిజ్‌లో పెడితే నా గదిలో ఉండే పద్మజ కేకలు వేసింది: "ఒసే, పాల ప్యాకెట్ పక్కన గుండెలేందే! నిన్న పొద్దున కళ్ళు నలుపుకుంటా చెయ్యి పెట్టినా." ఇప్పుడు డబ్బాలో పెట్టి, పేరు రాసి, కింద అరలో పెడుతున్నాను.

ముడి అయ్యాక ఏం చేస్తున్నానో రాస్తాను, తప్పుంటే చెప్పు. రెండు చేతులూ ఎత్తి ఛాతీకి ఆనించుకుంటున్నాను. తల వంచి పక్కనుంచి చూస్తున్నాను. సమంగా పడుకుంటే వదిలేస్తున్నాను. మొదట్లో వేళ్ళు జిలపెట్టేవి. ఇప్పుడు తక్కువ.

ఒక వింత. గురువారం సాయంత్రం నాలుగింటికి నేను ఆసుపత్రి డ్యూటీ గదిలో గొర్రె గుండె కుడుతుంటే సార్ తలుపు ముందు నుంచి పోతూ ఆగారు. కొంచెంసేపు చూశారు. "సన్నపోగు దాకా వచ్చినావా?" అన్నారు. జవాబు వినకుండా వెళ్ళిపోయారు.

నెల రోజుల్లో సార్ నాతో మాట్లాడింది అదొక్కటే. ఆయనకు ఆ మాట ఎలా తెలుసు?

సువర్ణ

~

ధర్మవరం,
18 డిసెంబర్

సువర్ణకు,

4 మంచిదే. సున్నా వచ్చినాక కూడా పది రోజులు ఆపొద్దు.

చేతులు ఛాతీకి పెట్టుకునేది నేను చెప్పలేదు. బాగుండాది. నేను ఒళ్ళో పెట్టుకుంటా.

సార్‌కు ఎట్ల తెలుసు అంటే ఏం చెప్పేది. ఆయప్ప కదిరి వైపోడు అంటివి. ఆ పక్క పట్టుపురుగులు పెంచే ఊర్లుండాయి. యాడో విని ఉంటాడు.

ఈడ వాన లేదు. చలి ఉండాది. బస్సు కుదుపుకు నడుము పట్టుకోని రెండు వారాలైనా వదల్లేదు. ఆవిరి పెడుతాండా.

ఇంగో కండె పంపుతాండా.

అత్త

~

అనంతపురం,
22 డిసెంబర్

అత్తా,

నువ్వు ఏ బస్సెక్కావు?

పదేళ్ళుగా నువ్వు ఊరు దాటలేదు. కుందుర్పిలో పెళ్ళికి రమ్మంటే కారు పంపినా రాలేదు. ఖలీల్ అన్నను అడిగాను. ముందు నేల చూశాడు. తర్వాత, "నన్ను అడగొద్దు సువర్ణా, అక్క ఒట్టు పెట్టించుకున్నాది. ఓపీ రిజిస్టర్‌ను ఒట్టు పెట్టించుకోలేదు గదా, దాన్ని అడుగు" అన్నాడు.

అడిగాను. డిసెంబర్ 3, బుధవారం. టోకెన్ నంబర్ 47. సుబ్బరత్నమ్మ, 59 ఏళ్ళు, ధర్మవరం, గుండె దడ. చూసిన డాక్టర్: కదిరప్ప.

నువ్వు నా కోసం ఆయన దగ్గరికి వెళ్ళి బతిమాలావు. కాదనకు.

నీకు అర్థం కావాలని రాస్తున్నాను. రేపు సార్ సూది తిరిగిచ్చినా, అది నా చేతిని చూసి ఇచ్చారో, ముసలామె కన్నీళ్ళు చూసి ఇచ్చారో నాకు తెలియదు. కమిటీలో ఐదుగురు ఉంటారు. మేనత్త వచ్చి సిఫారసు చేసిందని ఒక్కరికి తెలిసినా చాలు. రేపు నా ముందు బల్ల మీద పడుకునే మనిషి ఆ సిఫారసు మీద పడుకుంటాడు. నేను కుట్టడానికి పనికిరాకపోతే నన్ను ఆపాలి. ఆపే మనిషి దగ్గరికి నువ్వు వెళ్ళావు.

నాయనకు చెప్పొద్దంటే సార్‌కు చెప్పావా?

సువర్ణ

~

ధర్మవరం,
26 డిసెంబర్

సువర్ణకు,

పోయినా. దాచిపెట్టింది తప్పే. బతిమాలలేదు. జరిగింది జరిగినట్ల రాస్తాండా.

ఓపీ చీటీలో ఏం జబ్బని అడిగితే దడ అని రాయించినా. అబద్ధం కాదు, మీ ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి దడగానే ఉండాది. నాలుగు గంటలు కూసున్నా. నంబర్ పిలిచేది నాకు వినబడదని పక్కన విడపనకల్లు నుంచి వచ్చిన ఆయమ్మకు చీటీ చూపించి పెట్టినా. ఆయమ్మ నన్ను లేపి లోపలికి తోసింది.

సార్ నా గుండె చూసినాడు. మాట్లాడినాడు. నాకు వినబడదని చెప్పి, సంచిలోనుంచి పోగులు తీసి బల్ల మీద పెట్టినా. ఏదో కానుక తెచ్చినాననుకోని వద్దు వద్దని చెయ్యి ఊపినాడు. నేను ఊరుకుంటానా. ఆయప్ప బీపీ మిషన్‌కు ఒక కొన, టేబుల్ కాలెండర్‌కు ఒక కొన కట్టినా. మందం పోగు అతికి లాగినా, నిలిచింది. సన్నపోగు అతికి లాగినా, తెగింది. ఇంగొకటి అతికి, లాగకుండా, కిటికీ వెలుతురుకు పెట్టి చూపించినా.

అప్పుడు చెప్పినా. "సార్, మీ కాడ ఉండే సువర్ణకు నేను మేనత్తను. ఆ పిల్ల లాగేది నేను కొట్టి నేర్పింది. సూది ఇయ్యమని అడిగేదానికి రాలా. ఇచ్చేదీ ఇయ్యకపోయేదీ మీ పని. నేర్పేవాళ్ళకు తప్పు యాడినుంచి వచ్చిందో తెలిస్తే మంచిదని వచ్చినా. నేను వచ్చినట్ల ఆ పిల్లకు చెప్పొద్దండి."

కన్నీళ్ళు పెట్టలేదు. పెట్టింటే పోగు యాడ కనపడుతాది?

సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తానూ మూడు అతికినాడు. రెండు తెంపినాడు. నర్సమ్మ తలుపు తీసి 48 నంబర్ చీటీ చూపిస్తే, ఉండమని చెయ్యి చూపినాడు. మూడోది నిలిచినాక చిన్న పిల్లోని మాదిరి నా మొగం చూసినాడు. పక్కనుంచి చూడమని నేనే తల వంచి చూపించినా.

తర్వాత చీటీ మీద రాసిచ్చినాడు. అది దీంట్లోనే పెడుతాండా. చదువుకో. సిఫారసు యాడుందో వెదికి చెప్పు.

నువ్వు ఆపాల్సిన మనిషివైతే ఆయప్ప ఆపుతాడు. ఆ మొగం అట్లాంటిది.

బతిమాలడం వేరే. తెగిన చోటు చూపించేది వేరే.

అత్త

[ఓపీ చీటీ వెనక, నీలం సిరాతో]

గుండె బాగుంది. మందులు అక్కర్లేదు. నడుముకు బస్సు కంటే రైలు మేలు. అతుకు సంగతి అర్థమైంది. ఆమెకు నేను చెప్పను. నా కొలతా మార్చను: యాభై గొర్రె గుండెలు, నా ముందు, నీళ్ళ పరీక్షతో. రెండు కంటే ఎక్కువ కారితే ఇవ్వను.

~

అనంతపురం,
2 జనవరి 2026

అత్తా,

చీటీ అందింది. నాలుగుసార్లు చదివాను. సిఫారసు దొరకలేదు.

కోపం పోలేదు. తగ్గింది. ముసలామె అని రాసినందుకు తప్పు నాది.

నిన్న సార్ పిలిచి, సంక్రాంతి తర్వాత యాభై గుండెల పరీక్ష అని చెప్పారు. నువ్వు వచ్చిన సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ తెలియనట్టే ఉన్నాను. కండె అయిపోయింది. ఇంకొకటి పంపు. పుచ్చినదే.

సువర్ణ

~

అనంతపురం,
30 జనవరి

అత్తకు నమస్కారం.

మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు కమిటీ అయిపోయింది. నన్ను మూడో ఏడాది ఆపరేషన్లలోనే ఉంచారు. నాయనకు ఫోన్ చేసి నవంబర్ నుంచి జరిగినదంతా చెప్పాను. అంతా విని, "మా అక్క బస్సెక్కిందా?" అన్నాడు. మిగతాదేదీ పట్టించుకోలేదు.

పరీక్ష 19 నుంచి 23 దాకా జరిగింది. రోజుకు పది గుండెలు. సార్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నీళ్ళు శశికుమార్ ఎక్కించాడు. కారింది ఒక్కటి, మూడో రోజు ఆరోది. అది లాగినందుకు కాదు, కుట్లు దూరం పడ్డాయి. సార్ అది చూసి, "ఇది అందరూ చేసే తప్పే, ఫర్వాలేదు" అన్నారు. అత్తా, అందరూ చేసే తప్పు చేశానని అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కమిటీలో ఒకాయన నవంబర్ సంగతి ఎత్తారు. సార్ కాగితం చూసి లెక్క చదివారు. "యాభైలో నలభై తొమ్మిది. ఇంక ఈ పిల్ల సూది నా జోబులో పెట్టుకోని ఏం చేసుకోవాలప్పా?" అన్నారు. నీ పేరు రాలేదు. పోగు మాట రాలేదు. బయటికి వచ్చాక మాత్రం నన్ను ఆపి, "వచ్చే బ్యాచ్ పిల్లోళ్ళకు మొదటి వారం పుచ్చిన పట్టు కావాల. యాడ దొరుకుతాదో నీకు తెలుసా?" అన్నారు. కనుక్కుంటానని చెప్పాను.

ఇంకొకటి రాయాలి. ఓబులేసు మంగళవారం చెకప్‌కు వచ్చాడు. రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తున్నాడు. సార్ చూడటం అయ్యాక, ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళి నేనే చెప్పాను: ఆ రోజు నాళం తెగింది నా చేతుల్లో, సార్ మళ్ళీ కుట్టారు, దానివల్ల పద్నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. కేసు కాగితాల్లో అది అప్పుడే రాశాం. కానీ కాగితంలో ఉండటం వేరు.

ఆయన చేతిలో సంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత, "తెగింది నీ చేతిలో, కుట్టింది ఆయప్పనా?" అన్నాడు. అవునన్నాను. సంచి నేల మీద పెట్టాడు. "సారుకని మూడు శేర్లు చెనక్కాయలు తెచ్చినా. చెప్పినావు కాబట్టి నీకూ కొంచెం. ఈసారి తెంపితే మాత్రం పొట్టు కూడా రాదు" అని నవ్వాడు. ఛాతీ పట్టుకుని నవ్వాడు. అక్కడ నొప్పి లేదని కూడా చెప్పాడు.

నీ వంతు చెనక్కాయలు ఖలీల్ అన్న తెస్తాడు. దారిలో రైల్లో తినకుండా చూసుకోమని ఆయనకే చెప్పాను.

ఫిబ్రవరి 2, సోమవారం మొదటి కేసు చెన్నమ్మది. 61 ఏళ్ళు, విడపనకల్లు. ఓపీలో నిన్ను లోపలికి తోసిన ఆమె ఈమేనట. నీ చీటీ సంగతి చెబితే, "చెవులు వినబడని ఆయమ్మా? ఎట్లుండాది?" అని అడిగింది. ఆమెకు మూడు అతుకులు. మూడోది సన్న నాళం మీద, నేను వేస్తానని ఆమెకు చెప్పాం. నువ్వు నాకు ఏమవుతావో కూడా చెప్పాను. సరేనంది.

ఆమెకు తోడుగా కోడలు ఒక్కతే వస్తోంది. బయట బెంచీ మీద ఆ పిల్ల పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది. సోమవారం పొద్దున ఆరున్నర రైలుకు ఖలీల్ అన్నతో పాటు రా. బస్సు వద్దు. ఈసారి ఓపీ చీటీ అక్కర్లేదు.

ఎనిమిదింటికి చెన్నమ్మను లోపలికి తీసుకెళ్తారు. నా అతుకు పదిన్నర ప్రాంతంలో.

సువర్ణ